పొందిక: రేడియో విమానమున రిసీవరునకును సెర్వోకును గల సంబంధ చరిత్ర

మగ్గము ముందు కూర్చుండిన వాని కెవ్వనికైనను ఒక సత్యము తెలియును. పడుగు ఎంత మేలైనదైనను, నేతగాడు ఎంత నేర్పరియైనను, పడుగునకు తగిన పన్నె లేనిదే బట్ట రాదు. సన్నని నూలును ముతక పన్నెలో దూర్చినచో బట్ట జల్లెడయగును. ముతక నూలును సన్నని పన్నెలో లాగినచో పోగులు తెగును. జకార్డు పెట్టెకును, అంచున పువ్వులు తీర్చు అట్టలకును ఇదే న్యాయము. అట్టమీది రంధ్రముల వరుసయు, పెట్టెలోని సూదుల వరుసయు ఒకే కొలతకు లోబడి యుండవలయును. అరుప్పుకోట్టై నేతకును, నూలు మిల్లులకును పేరొందిన ఊరగుటచేత ఈ మాటను ఇచ్చట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ న్యాయమే వేరొక రంగమునందును వర్తించుటను ఇటీవల కన్నులార చూచితిని. ఇంజనీరింగు చదువుచున్న మా బంధువుల పిల్లవాడొకడు స్నేహితులతో కూడి థెర్మోకోలుతో చిన్న విమానమును చేసి, ఊరి వెలుపలి బయలున ఎగురవేయబోయెను. రిసీవరు క్రొత్తగా కొన్నది. సెర్వోలు పూర్వ విద్యార్థి యొకడు వదలిపోయిన పాత పెట్టెలోనివి. బ్యాటరీ తగిలించిన మరుక్షణమే రెక్క మొదటనుండి సన్నని పొగ లేచెను. విమానము నేల విడువకమునుపే వారి రెండు నెలల శ్రమ మూలబడెను. వాడు నా వైపు తిరిగి, “తాతా, దీనికీ మూడు తీగలే, దానికీ మూడు తీగలే. ప్లగ్గు సరిగ్గా దూరింది కదా! మరి ఎందుకు కాలింది?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు ఒక్క వాక్యమున ఉత్తరము చెప్పవచ్చును. కాని ఆ వాక్యము వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దూరినంత మాత్రమున పొందిక కాదని ఆ చరిత్ర చెప్పుచున్నది. పొందిక యనగా నేమో, అది యెట్లు సిద్ధించినదో, ఎచ్చట నేటికిని సిద్ధింపలేదో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముగ్గురు పాత్రధారులు

రేడియో విమానమున ముగ్గురు పాత్రధారులు కలరు. నేలమీద నిలుచున్నవాని చేతిలోనిది ట్రాన్స్‌మిటరు. అది ఆజ్ఞ పంపును. విమానము కడుపులో నుండునది రిసీవరు; అది ఆజ్ఞను ఆలకించి, ఏ ఆజ్ఞ ఎవరికో విడదీసి పంచును. రెక్కకును తోకకును కట్టబడినది సెర్వో. అది ఆజ్ఞను నెరవేర్చును. సెర్వో యనునది అగ్గిపెట్టెయంత పెట్టె. దానిలో చిన్న మోటారు, కొన్ని పళ్లచక్రములు, చక్రము ఎంత తిరిగినదో కనిపెట్టు సాధనము, ఒక చిన్న విద్యుత్ వలయము ఉండును.

ఈ సెర్వో పేరు విమానముకంటె పాతది. లాటిను భాషలో ‘సెర్వుస్’ అనగా దాసుడు. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఆవిరి బలముతో ఓడ చుక్కానిని త్రిప్పు యంత్రమును కల్పించి, దానికి ‘సెర్వో మోటారు’ అని పేరిడి, 1873లో దానిని గూర్చి గ్రంథమును ప్రకటించెను. యజమాని చేయి కొద్దిగా కదలినచో, దాసుడు గొప్ప బరువును అంతే మేరకు కదల్చును. యజమాని చేయి ఆగినచోట దాసుడును ఆగును. ఈ ‘అంతే మేరకు’ అను మాటయే మన కథకు ప్రాణము. దాసుడు బలవంతుడైన చాలదు, చెప్పినంతయే చేయవలయును.

ఆకాశమున తొలి ఆజ్ఞలు

తీగె లేకుండ దూరమునుండి పని చేయించుటలో మన దేశము వెనుకబడలేదు. ఆచార్య జగదీశచంద్ర బోసు 1895 ప్రాంతమున కలకత్తాలో విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, మందుగుండును ప్రేల్చి చూపెను. అది కేవలము ఒక్క ఆజ్ఞ: ‘కానిమ్ము’ అనుట. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టిలో ఒక చిన్న పడవను తీగె లేకుండ నడిపి చూపి, ఆ యేడే నవంబరు 8వ తేదీన పేటెంటు పొందెను.

పిదప స్పెయిను దేశస్థుడు లియొనార్డో టోరెస్ క్వెవెడో ‘టెలికినో’ అను సాధనమును 1903లో పారిసు విజ్ఞాన పరిషత్తునకు నివేదించి, 1906లో బిల్బావో రేవున తన రాజు సమక్షమున పడవను నడిపించెను. ఇందు విశేషమేమనగా, వచ్చిన తరంగముల లెక్కనుబట్టి ఏ పని చేయవలయునో ఎంచునది ఒక భాగము; ఆ పనిని చేయు మోటారు వేరొక భాగము. ఆలకించువాడు వేరు, ఆచరించువాడు వేరు. రిసీవరు, సెర్వో అను రెండింటి విభజన ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది. విభజన జరిగినచోటనే పొందిక అను సమస్యయు పుట్టును. ఒక్క మనిషి ఇంటిలో ఒంటరిగా నున్నంత కాలము మాట కలియుట అను ప్రశ్న లేదు. ఇద్దరైన పిమ్మటనే ఆ ప్రశ్న.

నమూనా విమానమునకు ఈ విద్య 1930 దశకమున వచ్చినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునకు చెందిన వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు 1937లో ‘గఫ్’ అను విమానమును రేడియోతో ఎగురవేసి, మరుసటి యేడు జాతీయ పోటీలో ప్రథమ స్థానము పొందిరి. దాని రెక్కల వెడల్పు ఎనిమిది అడుగులు. ఆ కాలపు బరువైన వాల్వులను, బ్యాటరీలను మోయుటకు అంత రెక్క కావలసి యుండెను. ఆ విమానము నేడు స్మిత్‌సోనియను సంస్థవారి సొత్తుగా భద్రపరుపబడి యున్నది.

రబ్బరు పట్టీ కాలము, శ్రుతి కాలము

ఆ తొలినాళ్ల విమానములలో నేటి సెర్వో లేదు. గడియారములోని ఎస్కేప్‌మెంటు వంటి ఒక చిన్న తిరుగుడు సాధనము తోకకు కట్టబడి యుండెను. దానిని త్రిప్పునది మెలిపెట్టిన రబ్బరు పట్టీ. నేలమీదివాడు మీట నొక్కినచో రిసీవరులోని రిలే పనిచేసి ఎస్కేప్‌మెంటు ఒక మెట్టు తిరుగును: ఒక నొక్కునకు కుడి, విడిచినచో నడుమ, మరల నొక్కినచో ఎడమ, విడిచినచో నడుమ. క్రితము మారు ఏ వైపునకు తిరిగెనో జ్ఞాపకముంచుకొనుట నడుపువాని పని. జ్ఞాపకము తప్పినచో కుడి యనుకొన్నది ఎడమయగును. రబ్బరు మెలి తీరిపోయినచో ఆజ్ఞ వినబడినను నెరవేర్చువాడుండడు. కొద్దిగా త్రిప్పుట యనునది ఆ కాలమున లేదు. త్రిప్పినచో పూర్తిగా త్రిప్పుటయే.

పిదప శ్రుతి కాలము వచ్చినది. 1950 దశకమున రిసీవరులో హార్మోనియము రీడ్లవంటి సన్నని లోహపు రేకులను వరుసగా అమర్చిరి. ట్రాన్స్‌మిటరు ఏ స్వరమును పంపినచో ఆ స్వరమునకు చెందిన రేకు మాత్రమే కంపించి, తన వలయమును మూయును. పైకి ఒక స్వరము, క్రిందికి ఒక స్వరము; కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. పది రేకులతో అయిదు విధములైన పనులు జరుగుచుండెను. తంబురా శ్రుతి ఎరిగిన మనవారికి ఇది సుబోధము. కాని ఇందును ఒక చిక్కు కలదు. ట్రాన్స్‌మిటరులోని స్వరములను ఆ రిసీవరు రేకులకే శ్రుతి చేయవలసియుండెను. ఒకని రిసీవరు మరొకని ట్రాన్స్‌మిటరుతో పలుకుట అరుదు. ప్రతి జతయు ఒక ప్రత్యేక కుటుంబము. బయటివారికి ప్రవేశము లేదు.

దక్షిణ దేశమున ఒక తెలుగు మెకానిక్

ఈ విద్యయంతయు విదేశములందే సాగుచుండగా, రేడియోను సామాన్యుని ఇంటికి చేర్చవలెనను తలంపు మన వారిలోను ఉండెనని జ్ఞాపకము చేయుట యుక్తము. ఆకాశవాణి మద్రాసు కేంద్రము 1938లోను, తిరుచిరాపల్లి కేంద్రము 1939లోను ప్రారంభమైనవి. కాని రేడియో పెట్టె ధర సామాన్యునకు అందనిది. పైగా అనేక దశాబ్దముల పాటు రేడియో వినుటకే లైసెన్సు రుసుము చెల్లింపవలసియుండెను.

ఆ దినములలో కోయంబత్తూరున గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు ప్రసిద్ధులు. వారు 1893లో కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున తెలుగు మాటాడు కుటుంబమున జన్మించిరి. 1920లో ఒక్క బస్సుతో ఆరంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించిరి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి వారు చేసిన విద్యుత్ మోటారు ఈ దేశమున తయారైన తొలి మోటారుగా చెప్పబడుచున్నది. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇచ్చటనే తయారు చేయగలమని వారు 1941లో ప్రకటించిరి. 1974లో పరమపదించిరి.

నాయుడుగారు రేడియో విమానములు చేసిరని చెప్పుట నా అభిప్రాయము కాదు. సెర్వోకు హృదయము మోటారు, రిసీవరునకు హృదయము రేడియో. ఆ రెండింటిని విదేశముపై ఆధారపడక ఇచ్చటనే చేయవచ్చునని, అదియు చౌకగా చేయవచ్చునని, తమిళనాట స్థిరపడిన ఒక తెలుగు బిడ్డ తలచెననుటయే నా అభిప్రాయము. చౌక యను మాట చిన్నది కాదు. వస్తువు చౌకయైననే పలువురి చేతికి వచ్చును. పలువురి చేతికి వచ్చిననే ఒకరి భాగము మరొకరి యంత్రమున అమరవలసిన అవసరము కలుగును. ధనికుని సొత్తునకు పొందికతో పని లేదు. జతను జతగానే కొనును, చెడినచో మరియొక జత కొనును. పొందిక పేదవాని ఆయుధము.

ఒకటిన్నర మిల్లీసెకను

ఇప్పుడు కథలో ముఖ్య ఘట్టమునకు వచ్చితిమి. 1960 దశకపు తొలి యేండ్లలో అమెరికనులైన డాన్ మేథిస్, డగ్ స్ప్రెంగ్ మొదలగువారు మీటను ఎంత కదల్చిన రెక్క తలుపు అంతే కదలునట్లు ‘డిజిటల్ ప్రొపోర్షనల్’ అను పద్ధతిని రూపొందించిరి. ఫిల్ క్రాఫ్టు మొదలగు తయారీదారులు దానిని వ్యాపింపజేసిరి. ఫార్కో కోరిన ‘అంతే మేరకు’ అను గుణము ఇన్నాళ్లకు ఆకాశమున సిద్ధించినది.

ఆ పద్ధతి యొక్క కీలకము ఒక్క కొలత. మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యవ భాగము. రిసీవరు ప్రతి సెర్వోకును సుమారు 20 మిల్లీసెకనుల కొకమారు, అనగా సెకనుకు 50 మారులు, ఒక చిన్న విద్యుత్ స్పందనమును పంపును. ఆ స్పందనము నిడివి ఒకటిన్నర మిల్లీసెకను అయినచో సెర్వో నడుమ నిలుచును. ఒక మిల్లీసెకను అయినచో ఒక కొనకును, రెండు మిల్లీసెకనులైనచో రెండవ కొనకును పోవును. నడుమనున్న ప్రతి నిడివికిని నడుమ ఒక స్థానము కలదు. సెర్వోలోని వలయము తాను నిలిచిన చోటును, తనకు వచ్చిన స్పందనపు నిడివిని పోల్చి చూచి, భేదమున్నంతవరకు మోటారును త్రిప్పి, భేదము తీరగానే ఆపును.

ఈ కొలతను ఏ ప్రభుత్వమును శాసింపలేదు. ఒకరు చేసినదానిని చూచి మరొకరు అనుసరించిరి. అనుసరింపనివాని సరుకు అమ్ముడుపోవుట కష్టమయ్యెను. కొన్ని యేండ్లకు అది ఆచారమయ్యెను. జపాను దేశపు ఫుటబా, జె.ఆర్., సాన్వా, కొరియా దేశపు హైటెక్ మొదలగు కంపెనీలన్నియు ఈ ఆచారమునే పాటించినవి. సెర్వో లోపల ఎవరి పద్ధతి వారిది. ఒకరిది సామాన్యపు మోటారు, మరొకరిది ఇనుప నడుము లేని మోటారు. ఒకరివి నైలాను పళ్లు, మరొకరివి లోహపు పళ్లు. ఒకరిది అనలాగు వలయము, మరొకరిది డిజిటల్ వలయము. కాని ఇరువురు కలియుచోట, ఆ మూడు తీగెల వాకిట, అందరును ఒకే మర్యాదను పాటింతురు. అందుచేతనే 1970 దశకపు మంచి సెర్వో యొకటి, తీగెలు సరిగా కలిపినచో, నేటి రిసీవరుతో పనిచేయగలదు. అర్ధ శతాబ్దము నిలిచిన పొందిక యంత్ర ప్రపంచమున అరుదు.

ఆచారములన్నింటియందువలె ఇందును చిన్న శాఖాభేదములు లేకపోలేదు. ఫుటబావారి నడిమి కొలత 1.50 కాక 1.52 మిల్లీసెకనులు. ఈ భేదము స్వల్పము. ట్రాన్స్‌మిటరుమీది చిన్న మీటతో సవరించుకొనవచ్చును. కాని హెలికాప్టరు తోకకొరకు చేయబడిన కొన్ని సెర్వోల నడిమి కొలత 0.76 మిల్లీసెకనులు మాత్రమే. దానిని సామాన్యపు రిసీవరునకు తగిలించినచో అది ఒక కొనకు పరుగెత్తి, అచ్చటనే మూలుగుచు వేడెక్కును. అట్లే కొన్ని రిసీవరులు డిజిటల్ సెర్వోలకొరకు సెకనుకు 300 మారులకు పైబడి స్పందనములను పంపగలవు. ఆ వేగమును అనలాగు సెర్వోకు పెట్టినచో అది సహింపలేక కాలవచ్చును.

మూడు తీగెలు, ఇరువదియైదు పళ్లు

ఇక పిల్లవాని ప్రశ్నకు వచ్చెదను. తొలినాళ్ల సెర్వోలకు నాలుగు తీగెలును ఉండెడివి. బ్యాటరీని నడుమ రెండుగా విభజించి మోటారును ఇరువైపులకు త్రిప్పుటకు ఆ నాలుగవది. 1970 దశకమున సెర్వోకొరకే చేయబడిన చిన్న ఐ.సి.లు వచ్చిన పిమ్మట మూడు తీగెలు చాలినవి: ఒకటి ధనము, ఒకటి ఋణము, ఒకటి ఆజ్ఞ. ఆ కాలమున ప్రతి కంపెనీకి తన సొంత ప్లగ్గు ఉండెడిది. క్రమముగా అంగుళములో పదియవ భాగము దూరముతో మూడు సూదులు గల ప్లగ్గు సామాన్యమయ్యెను.

అందరు అంగీకరించిన వరుస యిది: ఒక చివర ఋణము, నడుమ ధనము, రెండవ చివర ఆజ్ఞ. ధనమును నడుమ నుంచుటలో గొప్ప వివేకము కలదు. ఎవడైనను ప్లగ్గును తలక్రిందులుగా దూర్చినను నడిమిది నడిమిదానికే తగులును. ఋణమును ఆజ్ఞయు మాత్రము తారుమారగును. సెర్వో పనిచేయదు, కాని సాధారణముగ కాలదు. తప్పు చేయుట మానవ స్వభావమని ఎరిగి, ఆ తప్పు ప్రాణాపాయము కాకుండునట్లు అమర్చినవాడు నిజముగా పెద్ద.

కాని ఎయిర్‌ట్రానిక్స్ పేరిట అమ్ముడుపోయిన సాన్వావారి పాత సెర్వోలలో ధనమునకును ఋణమునకును స్థానములు మారియుండెను. ధనము చివర, ఋణము నడుమ. ఆ సూదులును అదే దూరమున నుండుటచేత ప్లగ్గు నేటి రిసీవరులో చక్కగా దూరును. దూరిన మరుక్షణమే విద్యుత్తు ఎదురు దిక్కున ప్రవహించి సెర్వోను కాల్చును. తరువాత ఆ కంపెనీయు అందరి వరుసకే వచ్చినది. కాని పాత పెట్టెలలోని పాత సెర్వోలు అట్లే నిలిచియున్నవి. మా పిల్లవాని పెట్టెలోనిదియు తీగెల వరుస మారిన అట్టి పాత సెర్వోయే. పన్నెలో పోగు దూరినది. కాని అది ఆ పడుగు పోగు కాదు.

ఈ ప్రమాదమును తప్పించుకొనుటకు రంగులను చూచుట మంచి అలవాటు. ఫుటబా తీగెలు నలుపు, ఎరుపు, తెలుపు, జె.ఆర్. తీగెలు గోధుమ, ఎరుపు, నారింజ. హైటెక్ తీగెలు నలుపు, ఎరుపు, పసుపు. ఎరుపు ధనము, నల్లనిది లేక గోధుమ రంగుది ఋణము, మిగిలినది ఆజ్ఞ. ఎరుపు నడుమ లేనిచో చేయి ఆపవలయును. ఫుటబా ప్లగ్గునకు ప్రక్కన ఒక చిన్న రెక్క ఉండును. అది తలక్రిందులుగా దూరకుండుటకై పెట్టినది. ఇతరుల రిసీవరులో ఆ రెక్క అడ్డుపడినచో దానిని చాకుతో చెక్కి వాడుకొనుట అభ్యాసకులలో వాడుక.

తీగెలు కలిసినను పళ్లు కలియక పోవచ్చును. సెర్వో తలమీది ఇరుసునకు సన్నని పళ్లుండును. దానిపై చేతిని బిగింతురు. ఫుటబా ఇరుసునకు 25 పళ్లు, హైటెక్ సామాన్య సెర్వో ఇరుసునకు 24, జె.ఆర్. ఇరుసునకు 23. ఒక్క పంటి భేదము కంటికి కనబడదు. కాని ఒకరి చేతిని మరొకరి ఇరుసుపై బలవంతముగా బిగించినచో కొంతసేపు నిలిచినట్లే నిలిచి, ఆకాశమున జారిపోవును. కాలిన సెర్వో నేలమీదనే తెలియును. జారిన చేయి ఆకాశమున తెలియును. రెండవదియే ఎక్కువ భయంకరము.

ఆకాశపు భాషలు

రిసీవరునకును సెర్వోకును నడుమ ఇంత పొందిక కుదురగా, ట్రాన్స్‌మిటరునకును రిసీవరునకును నడుమ కథ వేరు దారిని సాగినది. తొలుత స్ఫటికముల కాలము. ట్రాన్స్‌మిటరులో ఒక స్ఫటికము, రిసీవరులో దానికి జతయైన స్ఫటికము. ఒకే సంఖ్య గల స్ఫటికముతో ఇద్దరు ఒకేమారు ఎగురవేసినచో విమానమునకు ప్రాణసంకటము. అందుచేత మైదానమున ఒక పలక నుంచి, ఎవరి సంఖ్యకు వారు గుర్తు తగిలించుకొని ఎగురవేయుట మర్యాదగా నుండెను. ఎఫ్.ఎం. కాలమున మరియొక భేదము వచ్చినది. ఆజ్ఞను సూచించుటకు ఫుటబా, హైటెక్ వారు తరంగమును ఒక దిక్కునకు జరుపగా, జె.ఆర్., ఎయిర్‌ట్రానిక్స్ వారు ఎదురు దిక్కునకు జరుపుచుండిరి. ఒకే సంఖ్య, ఒకే స్వరము. ఐనను ఒకరి మాట ఒకరికి తలక్రిందు. పిమ్మట 1980 దశకమున వచ్చిన పి.సి.ఎం. పద్ధతిలో ప్రతి కంపెనీయు తన సొంత సంకేతమును వాడెను.

2.4 గిగాహెర్ట్జ్ కాలమున స్ఫటికములు పోయినవి. ట్రాన్స్‌మిటరును రిసీవరును ఒకమారు ‘బైండు’ చేసినచో, ఆ రిసీవరు తన యజమాని మాట తప్ప వేరొకరి మాట వినదు. ఇది మేలే, ఇరుగు పొరుగువారి విమానములు ఢీకొను భయము తగ్గినది. కాని ఫుటబావారి ‘ఫాస్ట్’ వేరు, స్పెక్ట్రమ్ వారి ‘డి.ఎస్.ఎం.ఎక్స్.’ వేరు, ఇతరులది వేరు. తరంగమొక్కటే, భాషలు పెక్కు. ఒక కంపెనీ ట్రాన్స్‌మిటరు కొన్నవాడు రిసీవరులను ఆ కంపెనీ వద్దనే కొనవలసిన స్థితి ఏర్పడినది.

దీనికి విరుగుడును అభ్యాసకులే కనుగొనిరి. పలువురు స్వచ్ఛందముగా వ్రాసి అందరికిని పంచిపెట్టిన ‘మల్టీ ప్రోటోకాల్’ మాడ్యూలు ఒక్కటి పెక్కు కంపెనీల భాషలను మాటాడగలదు. ‘ఎక్స్‌ప్రెస్ ఎల్.ఆర్.ఎస్.’ అను మరియొక భాష మొదటినుండియు బహిరంగముగానే పుట్టినది. దానిని ఎవరైనను పాటింపవచ్చును.

నేటి రిసీవరులలో మరియొక మార్పును గమనింపవలయును. ‘ఎస్.బస్’ వంటి పద్ధతులలో ఒకే తీగెమీద 16 మంది ఆజ్ఞలు వరుసగా పోవును. ఆ రంధ్రమును చూచుటకు సెర్వో రంధ్రమువలెనే యుండును, మూడు సూదులే యుండును. కాని సామాన్యపు సెర్వోను దానికి తగిలించినచో అది అర్థము కాక వణకును, లేక మౌనముగా నుండును. ఇచ్చటను దూరుట వేరు, పొందిక వేరు.

బలము, ఆకలి

మాట కలిసినను అన్నము కలియవలయును. పాతకాలపు సెర్వోలు నాలుగు నికెల్ ఘటముల 4.8 వోల్టులకును, అయిదు ఘటముల 6 వోల్టులకును చేయబడినవి. నేటి రెండు ఘటముల లిథియము బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 8.4 వోల్టులు. ఆ బలమును తట్టుకొనుటకై చేసిన సెర్వోలు వేరుగా కలవు. తక్కిన వానికి నేరుగా తగిలించుట వానిని చంపుటయే. నడుమ ‘బి.ఇ.సి.’ అను తగ్గింపు సాధనము నుంచి 5 లేక 6 వోల్టులకు దించవలయును.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. సెర్వో ఊరక యున్నపుడు స్వల్పముగా తినును. రెక్కపై గాలి ఒత్తిడి హెచ్చి, అది తిరుగలేక పెనుగులాడునపుడు ఎన్నో రెట్లు తినును. అట్టివి నాలుగైదు ఒకేమారు పెనుగులాడినచో బ్యాటరీ బలము క్షణకాలము దిగిపోవును. అప్పుడు సెర్వోలకేమియు కాదు; రిసీవరు మూర్ఛిల్లును. ఆలకించువాడే మూర్ఛిల్లినచో ఆచరించువా రెందరున్నను విమానము దిక్కులేనిది. పెక్కు ప్రమాదములకు ఆకాశపు రేడియో కారణమని అనుకొనుచుందుము. పెక్కుమారులు కారణము ఇంటిలోని ఆకలియే.

అందుచేత ఈ విద్య నేర్వగోరు పిల్లలకు రెండు మాటలు చెప్పుట పెద్దల విధి. మొదటిది, పంకాను విప్పి పెట్టిన పిమ్మటనే నేలమీద పరీక్షలు చేయవలయును. రిసీవరు తప్పు విన్నచో తిరుగు పంకా వ్రేళ్లను తెంపగలదు. రెండవది, మాట వినబడనప్పుడు ఇంజను తనంతట తాను ఆగునట్లు రిసీవరులో ‘ఫెయిల్‌సేఫ్’ అమర్చి, ట్రాన్స్‌మిటరును ఆర్పి చూచి, అది పనిచేయుచున్నదని కన్నులార తెలిసికొనవలయును. మన ఊళ్ల బయళ్లలో గొల్లవాండ్రు మేకలను మేపుకొనుచుందురు, పిల్లలు ఆడుకొనుచుందురు. ఒకని సరదా మరొకని తలపై పడరాదు.

మన పిల్లలు, మన కాలము

మన దేశమున ఈ విద్యకు చాలకాలము ఆటంకములుండెను. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టము, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము రేడియో పరికరములకు లైసెన్సును విధించినవి. ఎన్.సి.సి. వైమానిక విభాగమువారు నమూనా విమాన విద్యను విద్యార్థులకు నేర్పుచు వచ్చిరి. 2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ తరంగములలో తక్కువ శక్తి గల పరికరములకు లైసెన్సు అవసరము తీసివేసినది. ఆ ఒక్క నిర్ణయము సామాన్యుని బిడ్డ చేతికి ట్రాన్స్‌మిటరును అందించినది. 2021 ఆగస్టున వచ్చిన డ్రోను నిబంధనలు 250 గ్రాములకు మించనివానిని ‘నానో’ తరగతిగా నిర్ణయించి, ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. ఎగురవేయువారు తమ ఊరు ఏ మండలమున నున్నదో ముందుగా చూచుకొనవలయును.

కోవిల్పట్టిలోని నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల, విరుదునగర్ జిల్లా కృష్ణన్‌కోయిలులోని కలశలింగం విద్యాసంస్థ మనకు అందుబాటులో నున్నవి. మన ఇండ్ల పిల్లలు ఇట్టి చోట్ల చదివి, తొమ్మిది గ్రాముల సెర్వోతో ఆరంభించి, పెద్ద యంత్రములకు పోవచ్చును. తమ తాతలు నాడెను విసరిన చేతులతోనే వీరు మీటను కదల్చుచున్నారు. పని మారినది, కొలత తప్పరాదను నియమము మారలేదు.

ఈ చరిత్రనుండి నాకు తోచిన మాట నొక దానిని విన్నవించి ముగించెదను. సెర్వో తన లోపలి రీతిని మార్చుకొనలేదు. వాకిట మాత్రము అందరి కొలతకు తలయొగ్గినది. అందుచేతనే అది ఎవరి రిసీవరునకైనను కొరగాక పోలేదు, తన తనమును కోల్పోలేదు. ఈ నేలమీద మన స్థితియు ఇట్టిదే గదా. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. వీధి మర్యాదను మన పెద్దలు తప్పక పాటించిరి. పొరుగువారితో కలిసి మిల్లులలోను, మగ్గములమీదను పనిచేసిరి. వాకిలి కలిసినది.

కాని వాకిటిని కలుపుటలో మునిగి ఇంటిలోపలి యంత్రమును మరచినచో మిగులునది ఖాళీ పెట్టె. నేడు మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు చెవికి తెలియును, నాలుకకు కొంత తెలియును, కంటికి తెలియదు. అక్షరము రాని తెలుగు, ఆజ్ఞ విని ఆచరింపలేని సెర్వో వంటిది. మీట కదల్చు చేతికి కలము పట్టుట కష్టము కాదు. సెలవులలో వారమునకు ఒక్క గంట తాతయో అమ్మమ్మయో పలకపై అక్షరములు దిద్దించినచో, ఈ సంచికలోని వ్యాసమును రాబోవు సంచికనాటికి వారే చదువగలరు.

మా పిల్లవాడు క్రొత్త సెర్వోలు కొని, ఎరుపు తీగె నడుమ నున్నదా లేదా యని మూడు మారులు చూచి, ఒక ఆదివారము ఉదయమున మరల బయలునకు పోయెను. ఈ మారు పొగ లేవలేదు. విమానము లేచినది, ఒక చుట్టు తిరిగి దిగినది. ఆ సాయంకాలము వాడు ఒక కాగితమున మూడు తీగెల బొమ్మ గీచి, ప్రక్కన ధనము, ఋణము, ఆజ్ఞ అను మూడు మాటలను తెలుగున వ్రాయించుకొని పోయెను. వాని చేతి వ్రాత వంకరగా నున్నను, వరుస మాత్రము సరిగానే యున్నది.